చెల్లాయమ్మ మాటలు

తెలుగులో నాకు బొత్తిగా నచ్చని మాట ఒకటుంది. రాయడం. కథ అల్లినా రాయడమే, పచారీ కొట్టుకి చీటీ పంపినా రాయడమే, మోకాలికి మందు పూసినా రాయడమే. తిట్లకీ దీవెనలకీ ఎన్నేసి మాటలున్నాయో చెప్పలేం గానీ, ఈ ఒక్క పని దగ్గరికొచ్చేసరికి ఇంత పెద్ద భాషకీ పిసినారితనం పట్టుకుంది. 1997లో ఆ మాట నన్ను పెట్టిన తిప్పలు చెబుతాను. తలుచుకుంటే ఇప్పటికీ కోపమే వస్తుంది కాబట్టి మధ్యలో కాస్త తడబడితే ఏమీ అనుకోకండి.

మాది కడియం. మా ఆయన అబ్బులు నర్సరీలో మామిడి అంట్లు కడతారు. అదే నర్సరీలో రేకు ముక్కల మీద నల్లరంగుతో మొక్కల పేర్లు రాయడం నా పని. నా అక్షరాలు లారీలెక్కి ఒరిస్సా, మహారాష్ట్ర వెళ్ళేవి. అక్కడ వాటిని చదవగలిగినవాడు ఒక్కడూ ఉండడు, అయినా మా ఓనరు గారు తెలుగులోనే రాయమనేవారు. చదువు పదో తరగతితో ఆగిపోయింది గానీ అద్దె పుస్తకాల షాపులో నేను చదవని నవల లేదు.

ఒకరోజు రాజమండ్రి నుంచి అమ్మిరాజు గారని బొమ్మలేసే ఆయన గులాబీ మొక్కల కోసం వచ్చారు. మొక్కల సంగతి మర్చిపోయి రేకుముక్క పట్టుకుని నిలబడ్డారు.

"ఈ అక్షరాలెవరివమ్మా?"

"నావేనండి."

"మా పత్రికలో పని చేస్తావా?"

ఆ పత్రిక పేరు 'ఏటిగట్టు'. వారపత్రిక. అందులో 'గౌతమీ తీరాన గంటం' అని బొమ్మల సీరియల్ ఒకటి మొదలవుతోంది. వందేళ్ళ కిందట రాజమండ్రిలో రచయిత్రులు కావాలని తపించిన ఆడవాళ్ళ కథ. అమ్మిరాజు గారు బొమ్మలు గీసి, మనుషుల నోటి పక్కన ఖాళీ బుడగలు వదిలిపెట్టేవారు. ఆఫీసులో వాటిని బెలూన్లనేవాళ్ళు. వాటిల్లో మాటల్ని సన్న పాళీతో చేత్తో నింపాలి. కంప్యూటరు అక్షరాలు అప్పటికే వచ్చేశాయి గానీ బొమ్మ మధ్యలో అవి అతుకేసినట్టు ఉంటున్నాయని ఎడిటరు గణేష్‌బాబు గారికి నచ్చలేదు. అలా వారానికి రెండు రోజులు బస్సెక్కి రాజమండ్రి వెళ్ళి బెలూన్లు నింపడం మొదలుపెట్టాను.

సీరియల్ రాసేది వేణుగోపాలరాజు గారు. పాలకొల్లులో ఉంటారు. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు, పన్నెండు చారిత్రక నవలలు రాశారు, అందరూ మాస్టారనే పిలుస్తారు. ఆయన నవలలు నాకు ప్రాణం. అందులో ఆడవాళ్ళు మాట్లాడుకుంటుంటే మన పక్కన కూర్చుని మాట్లాడినట్టే ఉంటుంది. మొదటి ఐదు వారాలూ ఆయన పంపిన కాగితాలు చూసి ఉన్నదున్నట్టు దింపాను. కథానాయిక పేరు చెల్లాయమ్మ. వకీలు గుమాస్తా భార్య. భర్త పడేసిన చిత్తుకాగితాల వెనక వైపు కథలు రాసుకుంటుంది.

ఆరో వారం చిక్కొచ్చింది. మాస్టారికి కళ్ళలో శుక్లాలు ముదిరి, నెలల తేడాతో రెండు కళ్ళకీ ఆపరేషన్ చెయ్యాలన్నారు. రాయలేరు, చదవలేరు. ఫోన్ చేసి గణేష్‌బాబు గారికి కథ చెబితే, ఆయన చీటీ మీద గీకి అమ్మిరాజు గారికిచ్చారు. అమ్మిరాజు గారు తన ఊహ కొద్దీ బొమ్మలు గీసి, ఆ చీటీని గుండుసూదితో గుచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు. చీటీలో ఇంతే ఉంది: "చెల్లాయమ్మ కథను పత్రికవారు తిప్పి పంపారు. ఆమె బాధపడింది. భర్త ఓదార్చాడు." పేజీ మీద చూస్తే ఏడు బెలూన్లు. చీటీలో ఒక్కరూ నోరు విప్పలేదు. ఇక ఏడింటిలో ఏం పొయ్యను?

గణేష్‌బాబు గారు ఊళ్ళో లేరు. పాలకొల్లు ఫోన్ చేస్తే మోగుతోంది గానీ ఎవరూ ఎత్తరు, ఆస్పత్రికి వెళ్ళినట్టున్నారు. సాయంత్రం ఐదింటికి పేజీ ప్రెస్సుకి వెళ్ళాలి. నాలుగున్నర దాకా ఆ ఖాళీ బెలూన్ల వంక చూస్తూ కూర్చున్నాను. బొమ్మలో చెల్లాయమ్మ కూడా నా వంకే చూస్తోంది. చివరికి భయపడుతూనే పాళీ సిరాలో ముంచాను.

భర్త నోట ఇలా పెట్టాను: "పోనీలే, కాగితాలు దళసరిగా బాగున్నాయి. జాడీలకి వాసెన కట్టుకోవచ్చు." చెల్లాయమ్మ చేత ఇలా అనిపించాను: "కట్టండి. ఆవకాయ కోసం విప్పినప్పుడల్లా ఓ పేజీ చదువుదురు గాని."

ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. ఉద్యోగం ఊడుతుందనే అనుకున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. ఆ పై వారం తణుకు నుంచి ఒకావిడ ఉత్తరం రాసింది: "మా ఆయన కూడా అచ్చం ఇదే మాట అన్నారండి, మాస్టారికి మా ఇంట్లో సంగతులు ఎలా తెలిశాయి?" గణేష్‌బాబు గారు అది ఆఫీసంతా వినిపించి, "మాస్టారు మాస్టారే!" అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

ఆ తర్వాత ప్రతి వారం చీటీయే. ఒక్కోసారి మూడు వాక్యాలు, ఒక్కోసారి ఒకటే. మిగతాది నేను నింపేదాన్ని. పేజీ నిండుగా కనబడేసరికి, మిగతా మాటలు అమ్మిరాజు గారు ఫోన్ చేసి కనుక్కుంటున్నారని గణేష్‌బాబు గారు అనుకున్నారు. గణేష్‌బాబు గారు నాకు వేరే కాగితం ఇస్తున్నారని అమ్మిరాజు గారు అనుకున్నారు. ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని రోజూ టీ తాగుతారు, ఒక్కరోజు కూడా ఆ మాట రాలేదు. మగవాళ్ళు ఎదురుబొదురు కూర్చుని ఏం మాట్లాడుకుంటారో నాకిప్పటికీ అర్థం కాదు.

నేనెందుకు చెప్పలేదంటే, మొదట భయం. తర్వాత, నిజం చెప్పొద్దూ, రుచి మరిగాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే చెల్లాయమ్మ నాతో మాట్లాడేది. పత్రికవాళ్ళు ఆమెకి ఉత్తరం రాస్తారు: "ఇది మీ స్వంత రచనేనని మీ వారి చేత రాయించి పంపవలెను." ఆమె భర్తని అడుగుతుంది. ఆయన, "నా చేత రాయిస్తే అది నా రచన అవుతుందిగా, నీదెలా అవుతుంది?" అంటాడు. ఆ వారం ముప్పై ఏడు ఉత్తరాలొచ్చాయి.

ముప్పయ్యో వారం నడుస్తుండగా గణేష్‌బాబు గారు అందర్నీ పిలిచి, సీరియల్ ఇంకో రెండు వారాల్లో ముగుస్తుందనీ, పుస్తకంగా వేస్తున్నామనీ చెప్పారు. అట్ట మీద వెయ్యాల్సిన పేర్లు చదివారు: "రచన: వేణుగోపాలరాజు. బొమ్మలు: అమ్మిరాజు. అక్షరాలు: సత్యకుమారి."

సత్యకుమారి నేనే. అట్ట మీద నా పేరు! సంతోషపడాలి కదా? నా చెవిలో 'అక్షరాలు' అన్న మాటే మిగిలింది. అందరూ వెళ్ళాక ఆయన బల్ల దగ్గర నిలబడ్డాను.

"గణేష్‌బాబు గారూ, ఆరో వారం నుంచి రాసింది నేనండి."

"ఎవరు కాదన్నారమ్మా? ఒకటో వారం నుంచీ నువ్వేగా రాస్తున్నది."

"అలా కాదండి. నేను రాశానండి."

"ఆయ్, నేనూ అదే అంటున్నా. ముచ్చటగా రాశావు. అందుకే పేరు కూడా వేస్తున్నాం."

"బెలూన్లలో ఉన్నదంతా నేను రాసిందండి."

"బెలూన్లలో కాకపోతే ఇంకెక్కడ రాస్తావమ్మా?"

"సొంతంగా రాశానండి!"

"సొంతంగానే రాయాలి. నీకు అసిస్టెంటుని పెట్టే స్తోమత మన పత్రికకి ఎక్కడిదీ?" అని నవ్వి, "ఏంటి, ఒంట్లో బాగోలేదా?" అన్నారు.

ఆయన వెటకారం చెయ్యలేదు, అదే నా బాధ. నిజంగానే అర్థం కాలేదు. నేను ఎలా తిప్పి చెప్పినా ఆ మాట వెళ్ళి నా చేతివేళ్ళ దగ్గరే ఆగిపోతోంది. నా బుర్ర దాకా రావడం లేదు.

ఇంటికెళ్ళి మా ఆయనకి చెప్పాను. ఆయన అన్నం కలుపుతూ, "పేరు వేస్తున్నారంటావు, వెయ్యట్లేదంటావు. ఏంటే నీ గోల?" అన్నారు.

"అక్షరాలు అని వేస్తున్నారు. రచన అని వెయ్యాలి."

"ఆ చెల్లాయమ్మ ఎవరిది? మాస్టారిదేనా?"

"పేరు ఆయన పెట్టిందే. ఆ కాలం, ఆ కథ ఎటెళ్ళాలో, అంతా ఆయనదే. మాటలు నావి."

అలా అన్నానో లేదో నాకే అనుమానం వచ్చింది. "ఆమె బాధపడింది" అని ఆయన చెప్పకపోతే నేనా జాడీ మాట రాసేదాన్నా? ఆయన ముగ్గేస్తే నేను రంగు నింపానా? లేక ఆయన చుక్కలు పెడితే ముగ్గు నేనేశానా? చాలాసేపు అలా నాలో నేను కొట్టుకుంటుంటే మా ఆయన చెయ్యి కడుక్కొచ్చి కూర్చున్నారు.

"మామిడి అంటు కడతాం చూడు. కింద వేరు నాటుమామిడిది. పైన కొమ్మ బంగినపల్లిది. వేరు లేకపోతే కొమ్మ బతకదు, ఒప్పుకున్నాం. రేకు మీద ఏ పేరు రాస్తావు?"

"బంగినపల్లి అని."

"ఎప్పుడైనా నాటుమామిడి అని రాశావా?"

పద్నాలుగేళ్ళ కాపురంలో మా ఆయన నాకు పనికొచ్చే మాట చెప్పడం అదే మొదలు. మర్నాడే పాలకొల్లు బయల్దేరాను.

రావులపాలెంలో బస్సు మారి, మాస్టారి ఇల్లు కనుక్కుని వెళ్ళేసరికి పదకొండు దాటింది. మాస్టారు వరండాలో పడక్కుర్చీలో ఉన్నారు. కళ్ళు బాగయ్యాయి, దళసరి అద్దాలొచ్చాయి. నా పేరు చెప్పగానే లేచి నిలబడ్డారు. అంతటి మనిషి నాకోసం లేచి నిలబడేసరికి, దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ గాలికి పోయాయి.

"నేను చెప్పిన ముక్కని ఎంత పొందిగ్గా రాశావమ్మా!" అన్నారు.

"మాస్టారూ, మీరు చెప్పింది ఒక ముక్కేనండి. మిగతాది..."

"మిగతాది నా మనసులోనే ఉంది కదా! మా ఆవిడ సూర్యకాంతం వారం వారం చదివి వినిపిస్తుంటే నాకే ఆశ్చర్యం, ఇదంతా నేనెప్పుడు చెప్పానా అని. కళ్ళకి గంతలు కట్టి పడుకోబెడితే బుర్ర పదునెక్కుతుందేమోనమ్మా. ఫోన్లో ధారగా చెప్పేసి ఉంటాను. ఒక్కటీ గుర్తులేదు!"

పసిపిల్లాడిలా సంబరపడుతున్నారు. ఆ మొహం చూస్తూ కాదనడానికి నాకు నోరు రాలేదు. మోసం చేసేవాడైతే తిట్టిపోద్దును. ఈయన మనస్ఫూర్తిగా నమ్ముతున్నారు. నమ్మేవాళ్ళతో పోట్లాడటం ఎలాగో నాకు తెలీదు.

"ఆఖరి వారం మాత్రం నా చేత్తో నేనే రాస్తానమ్మా. ఇప్పుడు కళ్ళు బాగున్నాయిగా. ముగింపు చూడు, ఎలా ఉంటుందో," అన్నారు.

వాళ్ళావిడ సూర్యకాంతమ్మ గారు నన్ను కాఫీకి లోపలికి పిలిచారు. సన్నగా, నెమ్మదిగా ఉండే మనిషి. గ్లాసు నా చేతికిచ్చి, వరండా వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించారు.

"ఆరో వారం నుంచి కదూ?"

"మీకెలా తెలుసండి?"

"ఆయన నవలలన్నిటికీ ఫెయిర్ కాపీ రాసింది నేనేనమ్మా. నలభై ఏళ్ళు. ఆయన రాసిన ఆడవాళ్ళు ఎలా మాట్లాడతారో నాకు తెలియదా? కష్టమొస్తే 'హా విధీ' అంటారు. ఆవకాయ జాడీ మాట ఆయనకెలా తడుతుంది? ఈ ఇంట్లో జాడీలెక్కడుంటాయో కూడా ఆయనకి తెలీదు."

నాకు కాస్త అయోమయంగా అనిపించింది. ఆయన నవలల్లో ఎవరూ 'హా విధీ' అనగా నేను చదవలేదు. సీరియల్ మొదటి ఐదు వారాల్లో తప్ప.

"నవలల్లో అలా ఉండదు కదండి?"

ఆవిడ గిన్నె మీద మూత సర్దుతూ, "ఫెయిర్ కాపీలో ఉండదు," అన్నారు. తర్వాత, "సీరియల్ మొదలైనప్పుడు నాకు జొరమమ్మా. ఆ ఐదు వారాలూ ఆయన చిత్తుప్రతే నేరుగా పంపేశారు. ఆ తర్వాత ఫోన్లో చెప్పేశారు, నా దాకా రానేలేదు," అన్నారు.

"మీరు ఆయనకి చెప్పలేదాండి? అదీ, ఇదీ?"

"ఆయన అడగలేదుగా." అంతే. కాఫీ చల్లారిపోతోంది తాగమన్నారు.

తిరుగు బస్సులో కూర్చున్నాక భయం పట్టుకుంది నాకు. కోపం కాదు, భయం. ఆవిడ మొహంలో బాధ గాని, అక్కసు గాని ఉంటే బాగుండేది. ఏదీ లేదు. ఫెయిర్ కాపీ రాశాను అన్నారు. అందులో రాయడం ఎంత, రాయడం ఎంత? ఇదిగో, చూశారా, నేనే చెప్పలేకపోతున్నాను. ఇప్పుడు నోరు విప్పకపోతే మరో ముప్పై ఏళ్ళకి నేనూ ఎవరికో కాఫీ ఇస్తూ అలాగే నిలబడతానని మాత్రం తెలిసింది.

ఆఖరి వారం కాగితాలు పోస్టులో వచ్చాయి. ఇది మాస్టారి చేతిరాత కాదు, సూర్యకాంతమ్మ గారి దస్తూరే అయ్యుండాలి, తీర్చినట్టుంది. చదివితే నా ఒళ్ళు మండిపోయింది. చెల్లాయమ్మ పుస్తకం అచ్చు కాబోతుంది. ఆడదాని పేరుంటే ఎవరూ కొనరని అచ్చువాళ్ళు అంటారు. అన్నగారు వచ్చి, తన పేరుతో వేయిస్తానంటాడు. చెల్లాయమ్మ ఆనందబాష్పాలు రాలుస్తూ, "హా సోదరా! నీ నామధేయమే నా నామధేయము! నేటికి నా జన్మ ధన్యమైనది!" అంటుంది. సమాప్తం.

జాడీల మీద నుంచి మొగుడికి జవాబు చెప్పిన మనిషి! ముప్పై వారాలు పత్రికలవాళ్ళతో పోట్లాడిన మనిషి! మార్చెయ్యాలనిపించింది. తొమ్మిది బెలూన్లు, గంట పని. మారిస్తే చెల్లాయమ్మ దక్కుతుంది, మెచ్చుకోలు మాస్టారికి వెళ్తుంది, నా పేరు అక్షరాల కిందే ఉంటుంది. మార్చకపోతే చెల్లాయమ్మని నా చేత్తో నేనే గొయ్యి తీసి పాతినట్టు. ఎంత ఆలోచించినా రెండింట్లో ఏది ద్రోహమో తేలలేదు.

చివరికి ఉన్నదున్నట్టు దింపాను. ఒక్క ఒత్తు మార్చలేదు, ఒక్క దీర్ఘం తగ్గించలేదు. చేతివేళ్ళని అడిగిన పని చేతివేళ్ళతోనే చేశాను. 'సమాప్తం' దగ్గర మాత్రం ఏడుపాగలేదు.

పత్రిక వెళ్ళిన నాలుగో రోజు నుంచి కార్డులు మొదలయ్యాయి. ఎప్పుడూ వచ్చే ముప్పై, నలభై కాదు, సంచితో వచ్చాయి. మండపేట నుంచి ఒకావిడ: "ఆఖరి వారం ఎవరి చేత రాయించారండి? ఇది వేణుగోపాలరాజు గారు రాసింది కాదు." అమలాపురం నుంచి ఒక టీచరు: "మాస్టారికి ఒంట్లో బాగోలేదా? వేరే ఎవరో రాసి ఆయన పేరు పెట్టినట్టున్నారు. పాఠకుల్ని మోసం చెయ్యడం భావ్యం కాదు." నర్సాపురం నుంచి నలుగురు కాలేజీ అమ్మాయిలు కలిసి సంతకాలు పెట్టారు: "మా చెల్లాయమ్మ ఇలా మాట్లాడదు. అసలు రచయితని పిలిపించి ముగింపు మళ్ళీ రాయించండి."

గణేష్‌బాబు గారికి ఏమీ పాలుపోలేదు. పాలకొల్లు ఫోన్ చేశారు. మర్నాడు మధ్యాహ్నం మాస్టారు, సూర్యకాంతమ్మ గారు ఆఫీసుకొచ్చారు. మాస్టారు ఒక్కో కార్డూ తీసి, అద్దాలకి దగ్గరగా పెట్టుకుని చదివారు. పది చదివి ఆగారు.

"ఇదేం చిత్రమండి? కళ్ళు బాగయ్యాక నా చేత్తో నేను రాసింది ఈ ఒక్క వారమే. దాన్ని పట్టుకుని నాది కాదంటారేంటి?"

"అదే మాకూ అర్థం కావట్లేదండి," అన్నారు గణేష్‌బాబు గారు. "అమ్మిరాజు గారూ, ఫోన్లో మాస్టారు చెప్పినప్పుడు మీరేమైనా..."

"నాకు ఫోనెక్కడిదండి? నాకు మీరిచ్చిన చీటీయేగా. మాటలు మీరు సత్యకుమారికి ఇస్తున్నారు కదా?"

"నేనా? నేనేం ఇవ్వలేదే!"

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, నా వైపు తిరిగారు. నాలుక చివరిదాకా 'రాశాను' వచ్చింది. మింగేశాను. ఆ మాటకి ఇంకో అవకాశం ఇవ్వదల్చుకోలేదు.

"ఆరో వారం నుంచి ముప్పై ఒకటో వారం దాకా బెలూన్లలో ఉన్న మాటలు నావండి. మాస్టారు చీటీలో చెప్పింది కథ. కథలోవాళ్ళు ఏం మాట్లాడుకున్నారో నేను అనుకున్నాను. నాకు తోచింది పెట్టాను. ఎవరూ చెప్పలేదు. చీటీలన్నీ నా దగ్గరే ఉన్నాయి, చూసుకోండి."

చీటీలు బల్ల మీద పెట్టాను. గణేష్‌బాబు గారు ఒకటి తీసి చదివి, తర్వాతది తీశారు, ఆ తర్వాతదీ తీశారు. "అంటే అప్పుడు నువ్వు చెప్పింది..." అని నసిగారు.

మాస్టారు కోప్పడతారనుకున్నాను. ఆయన భార్య వైపు తిరిగారు.

"నీకు తెలుసా?"

"తెలుసండి."

"మరి ఈ ఆఖరి వారం ఫెయిర్ కాపీ నువ్వేగా రాసింది. ఎప్పటిలాగే రాశావా?"

సూర్యకాంతమ్మ గారు కాస్త తటపటాయించారు. "లేదండి. ఈసారి మీరు రాసింది రాసినట్టు దింపాను."

"ఈసారా?"

ఆవిడ తల దించుకున్నారు. మాస్టారు అద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. ఆయన గొంతు నేనెన్నడూ విననంత చిన్నగా వచ్చింది.

"అయితే సూర్యకాంతం, నేను నిజంగా రాసింది ఆ మొదటి ఐదు వారాలూ, ఇదీ, అంతేనా?"

"అయ్యో, అలా అనకండి. కథలన్నీ మీవే."

"మాటలు?"

"ఎక్కడ మీవి ఆగాయో, ఎక్కడ నావి మొదలయ్యాయో నాకూ తెలీదండి. మొదట్లో గుర్తుండేది. ఇప్పుడు గుర్తులేదు," అన్నారు.

ఆ క్షణం నాకు ఆయన మీద జాలి కలిగింది, ఆవిడ మీద చెప్పలేనంత కోపమొచ్చింది, వెంటనే ఆ కోపానికి సిగ్గేసింది. గెలిచానన్న సంతోషం ఎక్కడో ఉండే ఉంటుంది, వెతికితే దొరకలేదు.

మాస్టారు లేచి నిలబడ్డారు. "కథ: వేణుగోపాలరాజు. రచన: సత్యకుమారి. అలా వెయ్యండి గణేష్‌బాబు గారూ. ఆఖరి వారం తీసెయ్యండి. ఆ అమ్మాయి మళ్ళీ..." అని, ఏ మాట వాడాలో తోచక నా వైపు చూశారు. "నువ్వే చెప్పమ్మా, ఏమనాలి?"

నాకూ తోచలేదు. "పూర్తి చేస్తానండి," అన్నాను.

ఆయన తల ఊపి, వరండాలోకి వెళ్ళి ఒంటరిగా నిలబడ్డారు. గణేష్‌బాబు గారు గబగబా అట్ట తెప్పించి నా బల్ల మీద పరిచారు. అట్ట మీద పేర్లు కూడా చేత్తో రాయాల్సిందే, అది నా పనే. పాళీ సిరాలో ముంచాను. ఎన్ని వేల పేర్లు రాశానో, నా పేరు దగ్గరికొచ్చేసరికి 'స' ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

సూర్యకాంతమ్మ గారు వచ్చి నా భుజం వెనక నిలబడ్డారు. ఆవిడ ఊపిరి నా చెవికి తగులుతోంది.

"కొంచెం పెద్దగా రాయమ్మా," అన్నారు. "అట్ట మీద ఆడపేరు ఎలా ఉంటుందో నేనూ చూసుకుంటాను."